మగ్గాల పేట నుండి ఓడల యార్డుకు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సభయందు చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసుకోవడం సామాన్య విషయం కాదు. మరాఠీ గడ్డ మీద, మగ్గాల చప్పుడు నడుమ, తరతరాల పిల్లలచేత తెలుగు అక్షరాలు దిద్దించిన పాఠశాలకు ఇది మరింత గర్వకారణం. ఉత్సవ సంఘం వారు నన్ను ‘విదేశంలో ఓడల యార్డులో ఉద్యోగం, అక్కడ కుదురుకొన్న తీరు’ అన్న విషయంపై ప్రసంగించవలసినదిగా కోరినారు. నేను పండితుడను కాను, వక్తను అంతకన్నా కాను. చేతితో పని చేసి బ్రతికినవాడను. ఆ చేతికి తెలిసిన నాలుగు మాటలు మీ ముందు ఉంచుతాను.

మట్టికుండ అడుగు గుండ్రంగా ఉంటుంది. చదునైన నేలపై పెడితే దొర్లిపోతుంది. అందుకే మన అమ్మలు గడ్డితోనో, పాత గుడ్డతోనో చుట్టకుదురు చేసి దానిపై కుండను నిలుపుతారు. ‘కుదురుకోవడం’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ చుట్టకుదురే గుర్తుకు వస్తుంది. కుండ ఎంత గట్టిదైనా కుదురు లేనిదే నిలువదు. మనిషికి పని ఎంత బాగా వచ్చినా, పరాయిచోట నిలువడానికి అతనికీ ఒక కుదురు కావాలి. దానిని దేనితో చేసుకోవాలి అన్నదే నేటి నా ప్రసంగ విషయం.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న జోడ్‌భావి పేటలో ఓడల ముచ్చట ఏమిటని కొందరు అనుకోవచ్చు. ఓడలకూ మన ఊరికీ సంబంధం లేకపోలేదు. భారతీయ నౌకాపరిశ్రమకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడైన వాల్‌చంద్ హీరాచంద్ 1882లో ఈ సోలాపూర్‌లోనే జన్మించినారు. ఆయనా, ఆయన సహచరులూ కలిసి స్థాపించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి ‘లాయల్టీ’ అనే ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండన్‌కు బయలుదేరింది. నేటికీ ఏప్రిల్ 5ను మన దేశం జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకొంటున్నది. ఓడలు నడిపితే చాలదు, స్వదేశంలోనే నిర్మించాలి అన్న పట్టుదలతో ఆయన ఎన్నుకొన్న స్థలం విశాఖపట్టణం. 1941 జూన్ 21న అక్కడ బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసినారు. 1948 మార్చి 14న ఆ యార్డులో తయారైన ‘జల ఉష’ను పండిత నెహ్రూ గారు జలప్రవేశం చేయించినారు. ఆ యార్డే తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. బ్రతుకుతెరువు కోసం తెలుగు నేత కార్మికులు సోలాపూర్‌కు వచ్చినారు. సోలాపూర్ బిడ్డడొకడు తెలుగుదేశపు తీరానికి వెళ్ళి ఓడల యార్డు పెట్టినాడు. పని ఉన్నచోటికి మనిషి వెళ్ళడం, వెళ్ళినచోట ఏదో ఒకటి నిలబెట్టడం, ఈ రెండు ప్రాంతాలకూ అలవాటైన విద్యలే.

మన పెద్దల సంగతే చూడండి. ఇక్కడ 1877లో మొదటి బట్టల గిరణి ప్రారంభమైనది. తరువాత మరికొన్ని వచ్చినవి. తెలంగాణా పల్లెలలో చేతిమగ్గాలపై బ్రతికిన పద్మశాలి కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని ఈ ఊరు చేరినవి. భాష వేరు, పని తీరు వేరు, పెత్తనం చేసే జాబర్ వేరు. నాడెను చేతితో విసిరినవాడు ఆవిరితో తిరిగే మగ్గం ముందు నిలబడి పని మొదటినుండి నేర్చుకోవలసి వచ్చింది. వారు ఎట్లా కుదురుకొన్నారు? ఒకరికొకరు తోడుగా పేటలు కట్టుకొన్నారు. మార్కండేయుని గుడి కట్టుకొన్నారు. మరాఠీ నేర్చుకొన్నారు, తెలుగు మరువలేదు. బిడ్డల కొరకు బడి పెట్టుకొన్నారు. మనం ఈనాడు ఉత్సవం చేసుకొంటున్న ఈ పాఠశాల వారు చేసుకొన్న కుదురులో ఒక భాగమే.

ఓడల పని వెంట పరదేశం వెళ్ళిన తెలుగువారి కథ ఇంకా పాతది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మత్తుకు పేరుపొందిన రేవు. 1839 తుపాను ఆ రేవును చావుదెబ్బ తీసింది. అయితే ఊరి పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాకు వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీలు’ అనే పిలిచినారు. కాకినాడ, విశాఖపట్టణం రేవుల నుండి స్టీమర్లెక్కి వేలాదిమంది రంగూన్ చేరినారు. ఆ రేవు పనిలోను, ధాన్యపు మిల్లులలోను తెలుగు కూలీలది పెద్ద పాలు.

ఆ నది మీద 1865లో మొదలైన ఇరావతీ ఫ్లోటిల్లా కంపెనీ ఎదిగి ఎదిగి 1920ల నాటికి ఆరువందలకు పైగా పడవలు నడిపింది. స్కాట్లాండులో తయారైన స్టీమర్లను విడిభాగాలుగా ఓడలలో తెచ్చి, రంగూన్‌కు ఆవలి ఒడ్డున తిరిగి కూర్చేవారు. పని సమృద్ధిగా ఉండేది. కాని ఆ పనిలోకి కూలీని చేర్చేది మేస్త్రీ. ఊరిలోనే బయానా ఇచ్చి, టిక్కెట్టు కొనిపెట్టి, ఆ అప్పును కూలిలోనుండి వసూలు చేసుకొనేవాడు. ఇరుకు బసలలో వంతులవారీగా నిద్ర. పని చేసినవాని చేతికి వచ్చేది మేస్త్రీ మిగిల్చినది మాత్రమే. కుండ పగలకముందే కుదురును తాకట్టు పెట్టినట్లయినది వారి పరిస్థితి.

1930 మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసినారు. వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే, తొలగింపబడిన బర్మీయులకూ వీరికీ ఘర్షణ జరిగి, మే 26 నుండి నగరమంతటా అల్లర్లు చెలరేగినవి. వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. అదే మే నెలలో ఇక్కడ మన సోలాపూర్ గాంధీజీ అరెస్టుకు ఆగ్రహించి, మార్షల్ లా పాలనలో నలిగింది. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్ ఉరికంబమెక్కినారు. ఇక్కడ వేరువేరు మతాల, భాషల మనుషులు ఒక్కటై నిలిచినారు. అక్కడ ఒకే రేవులో మూటలు మోసే ఇద్దరు పేదలను ఒకరిపై ఒకరిని ఉసిగొల్పినారు. పరదేశంలో పనిచేసేవాడు ఈ రెండు దృశ్యాలనూ ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడాలి. పొరుగువాని పొట్టకొట్టి వచ్చిన పనిలో ఎవడూ కుదురుకోలేడు. 1942లో జపాను సేనలు రాగా లక్షలాది భారతీయులు బర్మా విడిచినారు. కాలినడకన కొండలు దాటుతూ వేలమంది దారిలోనే రాలిపోయినారు. ఫ్లోటిల్లా కంపెనీ పడవలను శత్రువుకు చిక్కకుండా కంపెనీ వారే నదిలో ముంచివేసినారు. తరాలుగా పోగుచేసుకొన్నది కొన్ని వారాలలో పోయింది.

ఇక నా సంగతి. మా నాయన గిరణి కార్మికుడు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఈ బడిలో చదువు ముగించి, ఐ.టి.ఐ.లో వెల్డింగు నేర్చుకొని, 1996లో సింగపూర్ వెళ్ళినాను. పదకొండు సంవత్సరాలు ఒక యార్డులో పనిచేసినాను. మా యార్డులో తయారయ్యేవి మహానౌకలు కావు, టగ్గు పడవలు. ముప్ఫై మీటర్ల పొడవుండే ఈ పొట్టి పడవలు కొండలవంటి ఓడలను రేవులోనికి లాగుకొని వస్తాయి.

కొత్త పనివానికి మొదట కనిపించేది పడవ కాదు, ఉక్కు పలకలు. వాటిని గీసి, కోసి, పక్కటెముకలవంటి చట్రాలు నిలిపి, వాటిపై పలకలు తొడిగి, అక్కడక్కడ చుక్కలు పెట్టినట్లు టాకా వేస్తారు. తరువాత వెల్డింగు. ఊరిలో నేను నేర్చినది కిటికీ చువ్వలు, గేట్లు అతికే విద్య. అక్కడ అతుకు గట్టిగా ఉంటే చాలదు, ఏ వరుసలో వేసినామన్నది ముఖ్యం. వేడికి ఉక్కు వ్యాకోచించి, చల్లారగానే ముడుచుకొంటుంది. ఒకే వైపు వరుసగా అతుకుతూ పోతే పలక మెలిక తిరుగుతుంది. మధ్యనుండి ఇరువైపులకూ, కొంచెం ఇటు, కొంచెం అటు పోవాలి. ఈ మాట ఫోర్‌మన్ చెప్పినప్పుడు నాకు వెంటనే అర్థమైనది. పడుగు బిగువు ఒకవైపు ఎక్కువైతే చాదరు ఒకవైపుకు లాగుతుందని మగ్గాల ఇంటిలో పుట్టినవానికి వేరుగా చెప్పాలా? మా నాయన విద్య నాకు అక్కడ పనికివచ్చింది.

అతుకు నీరు పట్టకుండా ఉన్నదో లేదో చూడడానికి ఒక పాత పద్ధతి ఉన్నది. ఒకవైపు సున్నపు నీరు పూసి ఆరనిస్తారు. రెండవవైపు కిరోసిన్ రాస్తారు. కొంతసేపటికి తెల్లని సున్నంపై నూనె మరక తేలితే అక్కడ రంధ్రమున్నట్లు. వెంట్రుకంత సందునైనా కిరోసిన్ దాచనీయదు. మనిషి పనితనం మాటలలో కాదు, ఆ తెల్లని గీతమీద తెలుస్తుంది.

యార్డులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది అగ్ని కాదు, గాలి. పడవ అడుగున మూసిఉన్న ట్యాంకులు ఉంటాయి. లోపలి ఉక్కు తుప్పుపడుతూ అక్కడి ప్రాణవాయువును తినివేస్తుంది. చూడడానికి ఖాళీ గది, పీల్చితే ప్రాణం పోవచ్చు. అందుకే గాలిని యంత్రంతో పరీక్షించి, ఆనాటి తేదీతో చీటీ కట్టిన తరువాతనే లోపలికి దిగాలి. ద్వారం వద్ద ఒక మనిషి కాపలా ఉండాలి. సింగపూర్‌లో 1978 అక్టోబరు 12న జురాంగ్ షిప్‌యార్డులో మరమ్మత్తులో ఉన్న ‘స్పైరోస్’ అనే గ్రీకు ట్యాంకర్ పేలి 76 మంది మరణించినారు. కోతమంట మండే ఆవిరికి తగిలిన ఫలితమది. ఆ దేశంలో యార్డుల భద్రతా నియమాలు బిగిసినది ఆ మృతుల మీదనే.

నేను చేరిన మూడవ వారంలో ఒక ట్యాంకులో పని పడింది. త్వరగా దిగమని పైనుండి కేక. నా ప్రక్కనున్న బంగ్లాదేశ్ కార్మికుడు, నాకన్న చిన్నవాడు, చీటీని వ్రేలితో చూపి, “తేదీ చూడు భాయ్, ఇది నిన్నటిది” అన్నాడు. ఫోర్‌మన్ విసుగుకొన్నాడు. అతడు కదలలేదు. యంత్రం తెచ్చి పరీక్షించగా లోపల ప్రాణవాయువు ఉండవలసినంత లేదు. గాలి పంకా పెట్టించి మధ్యాహ్నం దిగినాము. ఆ పిల్లవానికి ఇంగ్లీషు రాదు, హిందీ అంతంత మాత్రం. అడగడం మాత్రం వచ్చు. పిల్లలారా, బడిలో లేచి ప్రశ్న అడగడానికి సిగ్గుపడే అలవాటు ఇక్కడ కొన్ని మార్కులే పోగొడుతుంది. అక్కడ మనిషినే పోగొడుతుంది.

భాష గురించి చెప్పాలి. సింగపూర్‌లో మలయు, చీనా, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలు. యార్డులో అన్నీ కలిసిన ఒక సంకరభాష. మొదటిరోజు మలయు మేస్త్రీ “మకాన్, మకాన్” అంటే, ఇల్లు చూపిస్తాడేమోనని వెంట నడిచినాము. వారి భాషలో మకాన్ అంటే భోజనం! ‘జాగా’ అంటే మనకు స్థలం, వారికి కాపలా. నవ్వుకొంటూనే నేర్చుకొన్నాము. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, ప్రక్కవాడలో కన్నడం వింటూ పెరిగిన మన పేట పిల్లవానికి అయిదవ భాష బరువు కాదు. తెలుగు మాధ్యమంలో చదివితే పిల్లవాడు లోకంలో వెనుకబడతాడని భయపడే తల్లిదండ్రులకు నా అనుభవం ఒకటే చెబుతుంది. ఇంగ్లీషు తప్పక నేర్పించండి. అయితే ఒక భాషనైనా లోతుగా ఎరిగినవాడే మరొక భాషను త్వరగా పట్టుకొంటాడు.

ఈ బడి ఇచ్చిన తెలుగు మరొకవిధంగా కూడా అక్కరకు వచ్చింది. మా బసలో శ్రీకాకుళం వారు, కరీంనగర్ వారు ఉండేవారు. వారిలో కొందరికి వ్రాయరాదు. ఆదివారం సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళివచ్చి, సాయంత్రం వారి ఇండ్లకు జాబులు వ్రాసిపెట్టేవాడిని. ఆ జాబులలో ఎక్కువగా ఉండేది క్షేమసమాచారం కాదు, అప్పు లెక్క. ఈ విషయం తల్లిదండ్రులు కొంచెం శ్రద్ధగా వినవలెనని ప్రార్థన.

రెండు లక్షల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసినామనుకొందాం. నెలకు వడ్డీయే ఆరువేలు, ఏడాదికి డెబ్బది రెండు వేలు. అసలు అట్లాగే ఉంటుంది. ఈ భారం మోసేవాడు నిన్నటి చీటీ ఉన్న ట్యాంకులోకి కూడా దిగుతాడు. ఎందుకు? పని పోతే అప్పు తీరదని. ఒళ్ళు నొప్పి అని చెప్పడు, జీతం తగ్గించినా నోరు విప్పడు. నూరేండ్ల నాటి రంగూన్ మేస్త్రీ పేరు మార్చుకొని మన గుమ్మంలోనే కూర్చున్నాడన్నమాట. పరదేశంలో మనవాడి నోరు మూయించేది పరాయి భాష కన్నా సొంత ఊరి అప్పే.

దీనికి మార్గాలు లేకపోలేదు. 1983 నాటి వలస చట్టం క్రింద విదేశాలకు కార్మికులను పంపే ఏజెంటు ప్రభుత్వంచేత రిజిస్టరు చేయించుకోవలెను. అతడు తీసుకొనే రుసుముకు 30,000 రూపాయలు, పన్ను అదనం, అని నియమాలలో పరిమితి పెట్టినారు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలసి ఉంటుంది. పదవ తరగతి సర్టిఫికెట్టు విలువ ఇక్కడ కూడా ఉన్నదని పిల్లలు గమనించాలి. ఒప్పంద పత్రంలో మూల జీతం ఎంత, ఓవర్‌టైము లెక్క ఏమిటి, భోజనం, బస ఎవరి ఖర్చు, తిరుగు టిక్కెట్టు ఎవరిది, ఈ నాలుగూ చదివించుకొనక సంతకం పెట్టవద్దు. పత్రాల నకళ్ళు ఒక జత ఇంటిలో ఉంచండి. మొదటి ఏడాది ఇంటికి పంపే డబ్బుతో పెండ్లిండ్లు, గచ్చు ఇండ్లు తలపెట్టకండి. ఆ ఏడాది వానిని కుదురుకోనివ్వండి.

వెళ్ళేవారికి ఒక మాట. ఊరిలో ఎంత ఉస్తాదు అయినా, అక్కడ మొదటి ఆరు నెలలు శిష్యుడే. చిన్నవానినుండి నేర్చుకోవడానికి వెనుకాడవద్దు. నీ ప్రక్కన పనిచేసేవాడు ఏ దేశస్థుడైనా వానితో కలిసి అన్నం తిను. ట్యాంకు ద్వారం దగ్గర కాపలా ఉండేది వాడే.

చివరగా నాదొక మనవి. ఈ జూబిలీ గుర్తుగా భవనాలు, బంగారు పతకాలు వస్తాయి, సంతోషం. వాటితోపాటు ఒక చిన్న ఏర్పాటు చేద్దాం. ప్రతి ఆదివారం ఉదయం ఈ బడి వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. వంతులవారీగా ఇద్దరు పూర్వ విద్యార్థులు కూర్చోవాలి. విదేశానికో, పూనాకో, భివండీకో పనికి వెళ్ళదలచిన పేటవారు తమ కాగితాలు తెస్తే, వాటిని చదివి, తెలుగులో విడమరచి చెప్పాలి. డబ్బు ఖర్చు లేదు. మొదటి ఆదివారం నేను కూర్చుంటాను. రెండవ ఆదివారానికి పేరు ఇచ్చేవారెవరో ఈ సభ ముగిసేలోగా నాకు చెప్పవలసినదిగా కోరుతున్నాను.

మన పెద్దలు ఈ బడిని మనకు కుదురుగా చేసి ఇచ్చినారు. దానిపై నిలిచినవారు ఇప్పుడు ఎన్నో దేశాలలో ఉన్నారు. తరువాతి వారికి మన వంతు చుట్ట మనం చుడదాం. ఈ పాఠశాల శతవత్సరోత్సవాన్ని కూడా తెలుగులోనే జరుపుకోవాలని కోరుకొంటున్నాను.